క్రూయిజ్ టికెట్: ముందే తీసుకోవాలా, చివరిదాకా ఆగాలా?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు నవంబరు మొదటి వారంలో సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. వచ్చే జూన్ రెండో వారానికి ఆమె తల్లిదండ్రుల పెళ్లయి 40 ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా కుటుంబమంతా కలిసి ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవులో ఓడ ఎక్కి, శాంటోరిని, మికొనోస్ దీవులూ టర్కీలోని కుసాదసీ చూసుకుని తిరిగి పిరేయస్‌కే చేరే ఏడు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్లాలని ఆమె, ఆమె తమ్ముడు అనుకున్నారు. వెళ్లేది తొమ్మిది మంది: అమ్మానాన్నలు, పాఠకురాలు, ఆమె భర్త, పదేళ్లూ ఆరేళ్లూ వయసున్న ఇద్దరు పిల్లలు, తమ్ముడు, మరదలు, సెప్టెంబరులో పుట్టిన వారి పాప. తండ్రికి మోకాళ్ల నొప్పి ఉంది, ఎక్కువ దూరం నడవలేరు. ఈ ప్రయాణం సంగతి తల్లిదండ్రులకు ఇంకా చెప్పలేదు. గ్రీసుకు అందరూ వీసా తీసుకోవాలి.

ఆగస్టులో ఆమె మొదటిసారి చూసినప్పటి కంటే ఇప్పుడు ధర దాదాపు ఎనిమిదో వంతు పెరిగింది. తమ్ముడు వెంటనే అడ్వాన్స్ కట్టేద్దామంటున్నాడు. భర్త మాత్రం, తన స్నేహితుడు 2022లో ఓడ బయలుదేరే రెండు వారాల ముందు సగం ధరకే టికెట్లు సంపాదించాడని, తొందరపడేవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారని అంటున్నారు. అంతగా తక్కువలో వెళ్లాలంటే ఏప్రిల్‌లో అట్లాంటిక్ దాటి యూరప్ వచ్చే ఓడలు చాలా చవకట, అదైనా చూద్దామని కూడా ఆయన సూచించారు. మధ్యలో ట్రావెల్ ఏజెంటు "ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది" అని వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు.

రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక ధర చూడటం ఆమెకు అలవాటైపోయింది. తగ్గితే రేపు ఇంకా తగ్గుతుందేమోనని ఆగుతున్నారు, పెరిగితే నిన్న కొనలేదని బాధపడుతున్నారు. "అందరి డబ్బూ నా చేతిలో ఉంది. నేను కొన్న మర్నాడు ధర తగ్గితే మా వారు అంటారు, కొనకుండా ఉండి పెరిగితే మా తమ్ముడు అంటాడు. ఏ నెలలో కొంటే అందరికంటే తక్కువకు వస్తుందో చెప్పండి, ఆ నెలలో కళ్లు మూసుకుని కొనేస్తాను" అని ఆమె ఉత్తరం ముగించారు.

సమాధానం:

ఒక నెల పేరు చెప్పి మీ బాధ తీర్చగలిగితే బాగుండేది. అలాంటి నెల ఒకటి ఉంటే అది అందరికీ తెలిసిపోయేది, తెలిసిన మరుక్షణం ఓడల సంస్థలు ఆ నెల ధరను సవరించేవి. క్రూయిజ్ ధర క్యాలెండర్‌ను బట్టి నడవదు. ఫలానా ఓడలో, ఫలానా తేదీకి, ఫలానా రకం క్యాబిన్లు సంస్థ అనుకున్నంత వేగంగా నిండుతున్నాయా లేదా అన్నదాన్ని బట్టి నడుస్తుంది. వేగంగా నిండితే ధర ఎక్కుతుంది, మందగిస్తే దిగుతుంది. అందుకే ఒకే ఓడలో ఒకే రోజున బాల్కనీ క్యాబిన్ ధర పెరుగుతూ, కిటికీ లేని లోపలి క్యాబిన్ ధర తగ్గుతూ ఉండటం మామూలే. ఆగస్టు నుంచి మీరు చూసిన పెరుగుదల ఆ క్యాబిన్లకు గిరాకీ ఉందని చెబుతుంది. అంతకు మించి, రేపు ఏమవుతుందో అది చెప్పదు. ఆగస్టు ధర ఇక మీ ముందు లేదు కనుక ఈ రోజు ధరను దానితో పోల్చుకుని బాధపడటం వల్ల నిర్ణయానికి ఏ సాయమూ అందదు.

మీ వారి మాటలో నిజం లేకపోలేదు. ఖాళీ క్యాబిన్‌తో ఓడ బయలుదేరితే ఆ టికెట్ డబ్బే కాకుండా, ఆ క్యాబిన్‌లో ఉండవలసిన మనుషులు పానీయాల మీద, విహారాల మీద, దుకాణాల్లో పెట్టే ఖర్చు కూడా సంస్థకు దక్కదు. అందుకని చివరి వారాల్లో మిగిలినవాటిని తగ్గించి అమ్మడం ఈ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉంది. అయితే ఆయన స్నేహితుడి కథ ఏ సంవత్సరానిదో గమనించండి. కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిపోయిన ఓడలు ఎక్కువగా 2021 మధ్య నుంచి ఒక్కొక్కటిగా మళ్లీ బయలుదేరాయి, 2022లో కూడా చాలా ఓడలు సగం, ముప్పావు నిండి తిరిగాయి. అప్పుడు దొరికిన ధరలు అప్పటి పరిస్థితికి చెందినవి. ఆ తర్వాత పరిస్థితి తిరగబడింది. రాయల్ కరీబియన్, కార్నివాల్ వంటి పెద్ద సంస్థలు తమ ఓడలు 100 శాతానికి మించి నిండుతున్నాయని ప్రకటిస్తున్నాయి. నూటికి మించి ఎలా నిండుతాయంటారా? క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున లెక్క వేస్తే వచ్చేది నూరు శాతం. మూడో, నాలుగో మంచం మీద పడుకునే పిల్లలు ఆ పైన. 2024లో నడవడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ ఓడలో ఇద్దరి లెక్కన 5,610 మంది పడతారు, గరిష్ఠంగా 7,600 మంది దాకా ఎక్కవచ్చు. ఓడలు ఇలా నిండుతున్నప్పుడు, అందులోనూ పిల్లల సెలవులు నడిచే జూన్‌లో, చివరిలో మిగిలేవి కొద్దిపాటి క్యాబిన్లే. అవి ఏవి మిగులుతాయన్నది మన చేతిలో ఉండదు.

ఆగడం వల్ల లాభపడేవారు ఉన్నారు. ఇద్దరే వెళ్లేవారు, సెలవు ఎప్పుడైనా పెట్టుకోగలవారు, ఈ ఓడ కాకపోతే మరో ఓడ, ఈ వారం కాకపోతే మరో వారం అనుకోగలవారు, రేవుకు దగ్గరలో ఉండి విమానం అవసరం లేనివారు, ఏ క్యాబిన్ ఇచ్చినా సర్దుకునేవారు, అసలు వెళ్లకపోయినా నొచ్చుకోనివారు. మీ వారి స్నేహితుడు బహుశా వీరిలో ఒకరై ఉంటారు. మీ ఉత్తరంలో ఈ లక్షణాల్లో ఒక్కటీ కనిపించలేదు. మీకు తేదీ ఒకటే, దారి ఒకటే, మనుషులు తొమ్మిది మంది, పెద్దాయనకు లిఫ్టుకు దగ్గరగా క్యాబిన్ కావాలి. ఆగడమంటే ధర మీద పందెం కాయడం మాత్రమే కాదు, ఇన్ని షరతులూ ఒకేసారి నెరవేరతాయని కూడా పందెం కాయడమే.

వీటిలో అన్నిటికంటే బిగువైనది మీ నలుగురి క్యాబిన్. నలుగురు పడుకోగల క్యాబిన్లు ఏ ఓడలోనైనా మొత్తంలో కొద్ది భాగమే, సెలవుల్లో అవే ముందు అయిపోతాయి. పైగా ప్రతి లైఫ్ బోటుకూ ఇంతమందే అన్న హద్దు ఉంటుంది కనుక, ఓడలోని ఒక భాగానికి కేటాయించిన సంఖ్య నిండితే అక్కడి క్యాబిన్ ఖాళీగా ఉన్నా మూడో, నాలుగో మనిషికి అమ్మరు. చంటిపాపను కూడా ఈ లెక్కలో ఒక మనిషిగానే చూస్తారు, కాబట్టి మీ తమ్ముడి కుటుంబానికి కావలసింది ముగ్గురి క్యాబిన్. నలుగురి క్యాబిన్ చేజారితే ఏమవుతుందో ఒక ఊహాజనితమైన లెక్కతో చూద్దాం. మొదటి ఇద్దరికీ చెరి 100, మూడో నాలుగో మనుషులకు చెరి 50 చొప్పున ధర ఉందనుకోండి. నలుగురికీ కలిపి 300 అవుతుంది. అదే క్యాబిన్ దొరకక రెండు క్యాబిన్లు తీసుకోవలసి వస్తే ఒక్కో మనిషికి 100 చొప్పున 400. చివరి నిమిషంలో ధర ఏకంగా ఐదో వంతు తగ్గినా 320 కట్టాలి. ధర తగ్గిందన్న సంతోషంతో ఎక్కువ డబ్బు కట్టడమంటే ఇదే. అదీ కాక పదేళ్ల, ఆరేళ్ల పిల్లలను ఎక్కడో దూరంగా ఉన్న క్యాబిన్‌లో విడిగా ఉంచడానికి సంస్థలు ఒప్పుకోవు. మధ్యలో తలుపున్న జంట క్యాబిన్లో, పక్కపక్కనవో కావాలి, లేదా మీరిద్దరూ చెరొక క్యాబిన్‌లో చెరొక బిడ్డతో ఉండాలి.

ఏప్రిల్‌లో అట్లాంటిక్ దాటే ఓడల సంగతి కూడా తేల్చేద్దాం. శీతకాలమంతా కరీబియన్‌లో తిరిగిన ఓడలు వసంతంలో యూరప్‌కు, శరదృతువులో తిరిగి అటూ వెళ్తాయి. ఎలాగూ వెళ్లాల్సిన దారి కనుక రాత్రి ఒక్కింటికి లెక్క వేస్తే ఈ ప్రయాణాలు చాలా తక్కువకు వస్తాయి, ఆ మాట నిజమే. కానీ రోజుల తరబడి నీళ్లు తప్ప రేవు కనిపించదు, ఎక్కే ఖండం ఒకటి, దిగే ఖండం మరొకటి కనుక విమానం ఖర్చు వేరే లెక్క. మీ విషయంలో ఇవేవీ ఆలోచించవలసిన పని కూడా లేదు. వారం రోజుల మామూలు ప్రయాణాలకు చాలా సంస్థలు 6 నెలలు నిండిన పసివారిని అనుమతిస్తాయి గానీ, సముద్రం దాటే ప్రయాణాలకు 12 నెలలు నిండాలంటాయి. ఏప్రిల్‌కు మీ తమ్ముడి పాపకు ఏడు నెలలే. జూన్ నాటికి తొమ్మిది నెలలు వస్తాయి కనుక మీరు మొదట అనుకున్న ప్రయాణానికి ఇబ్బంది ఉండకూడదు. అయినా మీరు ఎంచుకున్న సంస్థ నియమం ఏమిటో బుకింగ్‌కు ముందే చూసుకోండి.

ఇక అసలు చిక్కుముడి దగ్గరకు వస్తాను. మీ తమ్ముడు 'ఇప్పుడే' అంటున్నాడు, మీ వారు 'ఆగుదాం' అంటున్నారు, మీరు ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని అనుకుంటున్నారు. నా దృష్టిలో అవి అంత విరుద్ధం కావు. బుకింగ్ రోజున మీరు కట్టేది అడ్వాన్స్ మాత్రమే. మిగిలిన మొత్తం కట్టడానికి ఒక చివరి తేదీ ఉంటుంది. అది సంస్థను బట్టి, ప్రయాణం నిడివిని బట్టి ఓడ బయలుదేరడానికి 75 నుంచి 120 రోజుల ముందు ఉంటుంది, ఏడు రాత్రుల ప్రయాణానికి 90 రోజులు అటూ ఇటూగా అనుకోవచ్చు. జూన్ రెండో వారానికి 90 రోజులు వెనక్కి వెళ్తే మార్చి మధ్య అవుతుంది. మీ అడ్వాన్స్ తిరిగి ఇచ్చే రకానిదైతే, అప్పటి వరకు మీరు కొన్నట్టూ ఉంటుంది, ఆగినట్టూ ఉంటుంది. క్యాబిన్ మీ పేరున ఉంటుంది. ధర తగ్గితే కొత్త ధరకు మార్చమని అడగవచ్చు. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. ఆ తేదీ దాటాక మాత్రం రద్దు చేస్తే కోత మొదలవుతుంది, రోజులు దగ్గరపడే కొద్దీ అది పెరిగి చివరి వారాల్లో టికెట్ మొత్తం పోతుంది. కనుక మీరు భయపడవలసిన రోజు బుకింగ్ రోజు కాదు, ఆ మార్చి తేదీ.

ఇందులో మీకు కలిసివచ్చే విషయం మరొకటి ఉంది. జనవరి నుంచి మార్చి వరకు ఓడల సంస్థలన్నీ పెద్ద ఎత్తున ఆఫర్లు ఇస్తాయి. ఈ వ్యాపారంలో ఉన్నవారు ఆ మూడు నెలలను వేవ్ సీజన్ అంటారు. నవంబరు చివర బ్లాక్ ఫ్రైడే పేరుతోనూ ఇలాంటివి వస్తాయి. ఆ రోజుల్లో టికెట్ ధర ఎప్పుడూ తగ్గుతుందని చెప్పలేం. చాలాసార్లు తగ్గింపుకు బదులు ఓడలో ఖర్చు పెట్టుకునే సొమ్మో, వైఫై, పానీయాల ప్యాకేజీలో, తక్కువ అడ్వాన్సో ఇస్తారు. మీ విషయంలో ఈ రెండు ఆఫర్ల కాలాలూ మార్చి గడువుకు ముందే వస్తున్నాయి. అంటే ఇప్పుడు బుక్ చేసినా వాటిని పోగొట్టుకోరు. ఒక్క జాగ్రత్త చాలు: కొన్ని ఆఫర్లు కొత్త బుకింగ్‌లకే వర్తిస్తాయి, అలాంటప్పుడు పాతది రద్దు చేసి కొత్తది చేయాలి. తొందరలో ముందు పాతది రద్దు చేసేశారంటే మీ నలుగురి క్యాబిన్ మళ్లీ మార్కెట్‌లో పడి, మరొకరు ఎగరేసుకుపోవచ్చు. కొత్త బుకింగ్ ఖాయమైన కాగితం చేతికి వచ్చాకే పాతదాన్ని వదలండి, లేదా అదే క్యాబిన్‌ను కొత్త ధరకు మార్చడం కుదురుతుందేమో ఏజెంటును అడగండి.

ఇదంతా అడ్వాన్స్ తిరిగి వస్తేనే. తిరిగి ఇవ్వని అడ్వాన్స్‌తో కొంత తక్కువ ధర చూపించడం ఇప్పుడు బాగా పెరిగింది, తెర మీద ముందుగా కనిపించేది కూడా చాలాసార్లు అదే. దానిలో కూడా ధర తగ్గితే సవరించే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. కానీ తేదీ మార్చినా ఓడ మార్చినా మనిషికి ఇంత అని రుసుము తీసుకుంటారు, రద్దు చేస్తే అడ్వాన్స్ పోతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన, తొలి ఏడాది నిండని పాప ఉన్న బృందానికి ఆ కొద్దిపాటి తగ్గింపు కోసం ఈ స్వేచ్ఛను అమ్ముకోవడం నాకు నచ్చదు. మీ ఏజెంటును అడగవలసినవి ఇవి: అడ్వాన్స్ ఏ తేదీ వరకు పూర్తిగా తిరిగి వస్తుంది, ధర తగ్గితే సవరిస్తారా, సవరిస్తే ముందు ఇచ్చిన ఆఫర్ ఏదైనా పోతుందా, సంస్థ కోత కాకుండా ఏజెన్సీ తన సొంత రద్దు రుసుము ఏమైనా తీసుకుంటుందా. ఈ నియమాలు బుకింగ్ చేసిన దేశాన్ని బట్టి కూడా మారతాయి కనుక జవాబులు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి. "ఈ రాత్రితో అయిపోతుంది" అన్న మాటకు బదులుగా ఈ ప్రశ్నలు పంపి చూడండి, ఫోన్లు కాస్త తగ్గవచ్చు. ఆ రాత్రి ఆఫర్ ముగిసేది నిజమే అయినా, మర్నాడు మరో పేరుతో మరొకటి మొదలవడం ఇక్కడ వింతేమీ కాదు. మీ ఓడలో మీ రకం క్యాబిన్లు ఎన్ని మిగిలాయన్నది దానికంటే ముఖ్యమైన సమాచారం, అది అడగండి.

ఇంత చెప్పినా మీ వారు ఆగుదామనే అంటే, దాని పర్యవసానాలు తెలిసి ఆగాలి. మార్చి మధ్య తర్వాత, మిగతా సొమ్ము కట్టలేనివారు వదిలేసిన క్యాబిన్లు కొన్ని తిరిగి అమ్మకానికి వస్తాయి. తగ్గింపులు ఏమైనా ఉంటే అప్పటి నుంచి కనిపిస్తాయి. ఆ సమయంలో తక్కువకు వచ్చేవి తరచుగా గ్యారంటీ క్యాబిన్లు, అంటే రకం మాత్రమే మీరు ఎంచుకుంటారు, అది ఓడలో ఎక్కడుందో తర్వాత సంస్థే నిర్ణయిస్తుంది. పొడవైన ఓడలో లిఫ్టు నుంచి చిట్టచివర క్యాబిన్ వస్తే మీ నాన్నగారు రోజుకు ఎన్నిసార్లు ఆ నడవా దాటాలో ఆలోచించండి. విమానాల పరిస్థితి ఇంకా కష్టం. పాపను ఒడిలో కూర్చోబెట్టుకున్నా ఎనిమిది సీట్లు కావాలి. ఎనిమిది సీట్లు ఒకేసారి అడిగితే, చవక తరగతిలో మూడే మిగిలి ఉన్నా, విమాన సంస్థల వ్యవస్థ సాధారణంగా ఎనిమిదీ దొరికే పై తరగతి ధరనే అందరికీ చూపిస్తుంది. ఓడలో మిగిలింది విమానంలో పోయే అవకాశమే ఎక్కువ.

వీసా సంగతి దీనికి తోడు. గ్రీసుకు తీసుకునేది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లేది. దానికి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, అంటే మీకు డిసెంబరు మధ్య నుంచి. సాధారణంగా 15 రోజుల్లో నిర్ణయం చెబుతారు, కొన్ని సందర్భాల్లో 45 రోజుల దాకా పట్టవచ్చు. ఇప్పుడు బుక్ చేసి డిసెంబరు, జనవరుల్లో దరఖాస్తు పెడితే, తొమ్మిది మందిలో ఎవరికైనా వీసా రాకపోయినా ఆ విషయం మార్చి గడువుకు ముందే తెలిసే అవకాశం ఎక్కువ, డబ్బు వెనక్కి తీసుకునే వీలుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో టికెట్ కొంటే అప్పటికే రద్దు కోత నడుస్తూ ఉంటుంది, వీసా చేతిలో ఉండదు. మరొక్క మాట: మీ ఓడ కుసాదసీలో ఆగి మళ్లీ గ్రీసుకు వస్తుంది. టర్కీ షెంగెన్‌లో లేదు కనుక ఒక్కసారి ప్రవేశించే వీసా సరిపోదు, ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించేది అడగాలి. టర్కీ నియమాలు విడిగా చూసుకోవాలి.

మీరు అడగని దారి ఒకటి ఉంది, అది చెప్పకపోతే సమాధానం పూర్తి కాదు. ఎప్పుడు కొంటారన్నదాని కంటే ఎప్పుడు వెళ్తారన్నదే ధరను ఎక్కువగా మారుస్తుంది. మధ్యధరా సముద్రంలో జూన్ నుంచి ఆగస్టు వరకు గిరాకీ ఎక్కువ. అదే ఓడ, అదే దారి అయినా ధర అక్టోబరులో చాలావరకు తగ్గుతుంది, ఎండ కూడా భరించగలిగినట్టు ఉంటుంది. చిన్న ఉదాహరణ చెబుతాను. గ్రీసు 2025 జూలై నుంచి ఓడ ప్రయాణికుల మీద రుసుము మొదలుపెట్టింది. శాంటోరిని, మికొనోస్‌లలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు మనిషికి 20 యూరోలు, అక్టోబరులోనూ ఏప్రిల్, మేలలోనూ 12 యూరోలు. పిల్లల బడి, పెళ్లిరోజు తేదీ మీ చేతులు కట్టేశాయని తెలుసు. అయినా పెళ్లిరోజు నాడే ఓడలో ఉండాలన్నది మీ కోరికా, మీ అమ్మానాన్నల కోరికా? వారికి ఇంకా చెప్పలేదని రాశారు కనుక అడుగుతున్నాను. పిల్లల సెలవులు అక్టోబరులో కొన్ని రోజులు ఉంటే ఆ తేదీల ధర కూడా ఒకసారి తీసి పక్కన పెట్టుకోండి. తేడా చూశాక కూడా జూనే కావాలనిపిస్తే, అప్పుడు ఆ తేడాను మీరు తెలిసి, ఇష్టపడి కడుతున్నట్టు.

ఇక తమ్ముడి కుటుంబానికీ అమ్మానాన్నలకూ ఇప్పుడు బుక్ చేసి, మీ నలుగురూ ఆగడమన్న సర్దుబాటు మీకు తోచవచ్చు. ఇంట్లో గొడవ ఆపడానికి ఇది బాగానే కనిపిస్తుంది. కానీ ఆగితే నష్టపోయే క్యాబిన్ ముఖ్యంగా మీదే, ఆగేదీ మీరే అవుతారు. చివరికి దొరకకపోతే మీరు లేకుండా వారు వెళ్లవలసి వస్తుంది. దీన్ని నేను ప్రోత్సహించను.

ఏ దారి ఎంచుకున్నా ధరలు పోల్చేటప్పుడు ప్రకటనలోని అంకెను కాకుండా, డబ్బు కట్టే ఆఖరి పేజీలో తొమ్మిది మందికీ కలిపి వచ్చే మొత్తాన్ని చూడండి. 'రెండో మనిషికి సగం ధర' అన్న ఆఫర్‌లో మొదటి మనిషి ధర ముందే పెంచి ఉండవచ్చు. రేవు రుసుములు, పన్నులు, రోజుకు మనిషికి ఇంత అని పిల్లలకు కూడా చాలా ఓడల్లో వేసే సిబ్బంది టిప్పులు చేరాక కానీ అసలు అంకె తేలదు. టిప్పులు కలిపి ఇచ్చే ఓడ టికెట్ పైకి ఎక్కువగా కనిపించి లెక్కకు తక్కువ కావచ్చు.

నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా ప్రయాణ బీమా తప్పదనుకుంటాను. ముందే ఉన్న జబ్బులను కూడా కలుపుకునే పాలసీలు కొన్ని, అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల్లోపు తీసుకుంటేనే ఆ వెసులుబాటు ఇస్తాయి. కనుక బుకింగ్ అయ్యాక తీరిగ్గా చూద్దాంలే అని వదిలేయకండి.

చివరగా, మాట పడతానన్న మీ భయం. అందరి డబ్బూ మీ చేతిలో ఉన్నా నిర్ణయం మీ ఒక్కరిదిగా ఉండనక్కరలేదు. అడ్వాన్స్ కట్టే ముందే మీ వారినీ తమ్ముడినీ కూర్చోబెట్టి, ఈ ధర మనందరికీ సమ్మతమేనా, రేపు తగ్గినా సరేనా అని అడగండి. సరే అంటే బుక్ చేయండి, కాదంటే ఎంతకు దిగితే కొనాలో, ఏ తేదీ వరకు చూడాలో అంకె, తేదీ రెండూ చెప్పించి రాసుకోండి. 'ఇంకా తగ్గాక' అనే మాటకు అంకె లేకపోతే అది ఎప్పటికీ తీరదు. బుక్ చేశాక ధర చూసే పని మీ వారికి అప్పగించండి. ఆగడం మీద ఆయనకే నమ్మకం ఎక్కువ కనుక శ్రద్ధగా చేస్తారు, తగ్గించగలిగితే ఆ పేరు ఆయనకే వస్తుంది. వారానికి ఒకసారి, అదే రకం క్యాబిన్‌కు, అంతే మందికి చూస్తే చాలు; రాత్రికి రాత్రి వచ్చే హెచ్చుతగ్గులు మీ నిద్ర చెడగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావు. మార్చిలో మిగతా సొమ్ము కట్టాక ధర పడిపోతే ఏజెంటు ద్వారా ఒకసారి అడిగి చూడండి. డబ్బు వెనక్కి రాదు గానీ, మెరుగైన క్యాబిన్‌నో ఓడలో వాడుకునే సొమ్మునో కొన్ని సంస్థలు ఇస్తాయి. ఇవ్వాలన్న నిర్బంధం వారికి లేదు.

బుకింగ్‌కు ప్రయాణికుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి, తర్వాత మార్చడం అంత తేలిక కాదు. కాబట్టి అమ్మానాన్నలకు ఈ వారమే విషయం చెప్పి, వారి పాస్‌పోర్టుల గడువు చూడండి, పాపకు పాస్‌పోర్టు లేకపోతే తమ్ముడిని వెంటనే దరఖాస్తు చేయమనండి.